పరామర్శ మావయ్య

మా రాజమండ్రిలో ఎవరైనా మంచం పట్టారంటే చూడ్డానికి వెళ్ళేవాళ్ళు రెండు రకాలు. ఆసుపత్రి ఎదురుగా బండి దగ్గర ఆగి, డజను బత్తాయిలు ఏరించుకుని, బ్రెడ్డు ప్యాకెట్టు చంకన పెట్టుకుని, పావుగంటలో పని ముగించుకొచ్చేవాళ్ళు ఒక రకం. ఊరంతా ఈ రకమే. రెండో రకం మా పరామర్శ మావయ్య ఒక్కరే.

ఆయన మా అమ్మకి అన్నా కాదు, తమ్ముడూ కాదు. వీధి మొత్తానికి మావయ్య. ప్రతి పేటకీ ఇలాంటాయన ఒకరు ఉంటారు. మీ పేటలో లేకపోతే అదింకా కొత్త లేఅవుటని అర్థం. పెళ్ళిళ్ళలో ఆయన పెద్దగా కనపడరు. బారసాలకి వచ్చినా వెనక వరసలో కూర్చుని తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోతారు. ఎవరికో మనసు బాగాలేదన్న కబురు అందిందా, ఇక ఇస్త్రీ చొక్కా కిందికి దిగుతుంది.

ఉట్టి చేతులతో వెళ్ళకూడని చోట్లు పెద్దలు కొన్ని చెప్పారు కదా: గుడికి, గురువు దగ్గరకి, పసిపిల్లలున్న ఇంటికి. మావయ్య ఆ జాబితాలో దిగులు పడ్డవాళ్ళ ఇంటిని కూడా చేర్చారు. చేర్చి ఊరుకున్నా బాగుండేది. "ఏదో ఒకటి పట్టుకెళ్ళడం వేరు, ఆలోచించి పట్టుకెళ్ళడం వేరురా అబ్బాయ్" అంటారు. ఆయన ఆలోచన తెమిలేలోపు రోగి లేచి ఉద్యోగానికి వెళ్ళిపోయిన సందర్భాలు నాకు తెలిసే నాలుగున్నాయి. స్కూటరు నాది, పెట్రోలు నాది, ఆలోచన ఆయనది.

హార్లిక్స్ సీసా అంటే ఆయనకి ఒళ్ళు మంట. దానికి కారణం లేకపోలేదు. హార్లిక్స్ ఫ్యాక్టరీ మా పక్కనే ధవళేశ్వరంలో ఉంది. "ధవళేశ్వరం గాలి పీల్చే వాళ్ళకి హార్లిక్స్ పట్టుకెళ్ళడమేవిట్రా? తిరుపతి వాళ్ళకి లడ్డూ పట్టుకెళ్ళినట్టు!" అంటారు. పైగా అది ఇంటింటికీ తిరుగుతుందట. ఇదివరకు ఒక సీసా మూత మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తే, రెండేళ్ళకి మేనకోడలు పురుడు పోసుకున్నప్పుడు అదే గుర్తుతో అదే సీసా ఆమె మంచం పక్కన ప్రత్యక్షమైందని ప్రమాణం చేసి చెబుతారు.

ముప్పై మూడేళ్ళు గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ళు నడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా ఒక రిజిస్టరు నడుపుతున్నారు. అట్ట బైండు చేసిన లాంగు పుస్తకం. లోపల స్కేలుతో గీసిన గళ్ళు: వరుస నెంబరు, పేరు, కష్టము, తీసుకెళ్ళిన వస్తువు, ఖరీదు, ముఖము. ఈ చివరి గడే ఆయన ప్రాణం. వస్తువు చేతికిచ్చిన వెంటనే ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారిందో చూసి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని రాసుకుంటారు. అందులో మూడే మాటలు: పూర్తిగా వికసించినది. పాక్షికముగా వికసించినది. మార్పు లేదు. మొదటిది నీలం సిరాతో, చివరిది ఎర్ర సిరాతో.

ఏం కావాలో ఆ మనిషినే అడగొచ్చు కదా అంటారా? అడిగితే మర్మం పోతుందట. అందుకని ఆ మనిషిని తప్ప మిగతా అందర్నీ అడుగుతారు. మా ఎదురింటాయనకి పైకి చెప్పుకోలేని జబ్బు ఒకటి వచ్చింది. కూర్చోలేరు. భార్యకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడ మా అత్తయ్యకి మాత్రం చెప్పారు. అక్కణ్ణించి మావయ్య విచారణ మొదలైంది. పాలవాణ్ణి అడిగారు, ఇస్త్రీ బండి అతన్ని అడిగారు, పేపరు కుర్రాణ్ణి ఆపి అడిగారు: "ఆయన మెత్తగా కూర్చోడానికి ఏం కొంటే బావుంటుందంటావు?" రెండో రోజుకి పేటలో ఆ సంగతి తెలియనిది మునిసిపాలిటీ కుళాయికి ఒక్కదానికే. మూడో రోజు పరుపులు కుట్టేవాడి చేత, అసలు బూరుగు దూదితో, మధ్యలో కన్నం వదిలి గుండ్రటి దిండు కుట్టించారు. దాన్ని స్కూటరు వెనక కూర్చుని స్టీరింగులా పట్టుకుని తెచ్చారు. ఆ ఇంట్లో అప్పుడే వియ్యాలవారు దిగారు. దిండు వాళ్ళ మధ్యలో, టీపాయ్ మీద, ఫలహారం పళ్ళెం పక్కన పెట్టి దాని ఉపయోగం వివరించారు. రిజిస్టరులో "ముఖము ఎర్రబడినది" అని కొత్త మాట పడింది ఆ రోజే. ఎదురింటాయన మూడు నెలల్లో ఇల్లు మారారు.

కాలు విరిగిన మేస్త్రీకి కడియం నర్సరీ నుంచి కుండీతో సహా ముద్ద మందారం తీసుకెళ్ళాం. చిగురు చూస్తూ ఉంటే ఎముక కూడా పట్టుదలగా అతుక్కుంటుందని మావయ్య సిద్ధాంతం. మేస్త్రీ ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కుండీ మోసింది నేను. ఇక ఆ ఇల్లాలికి రోజూ ఇద్దరికి నీళ్ళు పట్టాల్సిన పని పడింది. షుగరు ఉన్న బ్యాంకు ఉద్యోగికి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళాం. పంచదారవి కావులెండి, బెల్లానివి. అదే ఆలోచించడం అంటే.

పెన్ను కథ వేరు. మా సందు చివర కుర్రాడు ఇంటర్ లెక్కల్లో పోయాడు. రెండ్రోజులు అన్నం మానేసి గదిలో తలుపు వేసుకున్నాడు. మావయ్య ఒక పూటంతా ఆలోచించి, నన్ను రత్నం పెన్నుల కొట్టుకి తీసుకెళ్ళారు. మా ఊళ్ళో 1932 నుంచి చేస్తున్న పెన్నులు. ఎబొనైటు కడ్డీని మర మీద తిప్పి, చేత్తో నునుపు చేస్తారు. స్వదేశీ వస్తువు చేసి చూపించమన్న గాంధీగారి మాట పట్టుకుని రత్నంగారు కలం చేసి పంపితే, 1935లో ఆయన బావుందని జవాబు రాశారు. ఈ కథంతా మావయ్య తలుపు బయట నిలబడి కుర్రాడికి వినిపించారు. "గాంధీగారికే నచ్చిన కలంరా! సప్లిమెంటరీ దీంతో రాయి." పరీక్ష పోయినవాడికి పెన్ను తీసుకెళ్ళడం, ఈత రాక మునిగినవాడికి చెంబు ఇవ్వడం లాంటిదని నాకు అనిపించింది కానీ పైకి అనలేదు.

తలుపు తెరుచుకుంది. మావయ్య రాసి చూపిద్దామని డ్రాపరుతో సిరా పోశారు. అంచు దాకా పోసి, మాటల హడావిడిలో మర బిగించడం మర్చిపోయి, పెన్ను జేబుకి తగిలించుకుని గాంధీగారి కథ రెండోసారి మొదలుపెట్టారు. కాసేపటికి ఆయన తెల్ల చొక్కా మీద, ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలినట్టు, నీలం రెండు పాయలైంది. గౌతమి బొత్తాల వైపు, వశిష్ఠ నడుం వైపు. కుర్రాడు మొదట పెదవి బిగబట్టాడు. తర్వాత ఆపుకోలేక మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. రెండ్రోజుల తర్వాత వాళ్ళమ్మ అన్నం కలిపి తెస్తే ఆ నవ్వులోనే తినేశాడు. మావయ్య ఇంటికొచ్చి, చొక్కా నానబెట్టక ముందే రిజిస్టరు తెరిచారు. పూర్తిగా వికసించినది. రిమార్కు: గాంధీజీ ప్రభావము.

పంతులమ్మగారి విషయంలో మాత్రం ఆయన ఇప్పటికీ బాధపడతారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి డల్లాసు వెళ్ళిపోయింది. ఇల్లు బోసిపోయి ఆవిడ ఎవరితోనూ మాట్లాడ్డం మానేశారు. మావయ్య పదిరోజులు తీసుకున్నారు. చివరికి ఒక గోడ గడియారం కొని, దానికి డల్లాసు టైము పెట్టి, ఆవిడ ఇంట్లో మామూలు గడియారం పక్కనే మేకు కొట్టి తగిలించారు.

ఇక్కడొక తిరకాసుంది. చలికాలంలో డల్లాసు మనకి పదకొండున్నర గంటలు వెనక. ముళ్ళ గడియారానికి పగలూ రాత్రీ తెలీదు కాబట్టి, మన గడియారం తొమ్మిదిన్నర చూపిస్తుంటే అది పది చూపిస్తుంది. చూసేవాళ్ళకి అది అమెరికా గడియారంలా ఉండదు, అరగంట ముందు నడిచే మామూలు గడియారంలా ఉంటుంది. పంతులమ్మగారి భర్త మాస్టారు జన్మలో ఏ రైలుకీ ముందుగా వెళ్ళి ఎరగరు. ఆ నెలలో డల్లాసు టైము చూసుకుని పరిగెత్తి, రత్నాచల్ రావడానికి అరగంట ముందే స్టేషన్లో కూర్చున్నారు. మావయ్య చలవే అన్నారు. మార్చి రెండో ఆదివారం అమెరికావాళ్ళు గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు. అప్పణ్ణుంచి అది గంటన్నర ముందు. ఆ తడవ మాస్టారు ప్లాట్‌ఫారం మీద పేపరంతా, టెండరు నోటీసులతో సహా, చదివేశారు.

ఈ తిప్పే బాధ్యత కూడా మావయ్యదే. మార్చిలో, నవంబరులో ఏడాదికి రెండుసార్లు. మార్చిలో సరిగ్గా మన మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, అంటే డల్లాసులో తెల్లవారుజామున రెండింటికి, ఆయన స్టూలు ఎక్కుతారు. స్టూలు పట్టుకునేది నేను. అమెరికాలో ఎవడూ దాని కోసం నిద్ర లేచి కూర్చోడని చెప్పినా వినరు.

అంతా చేస్తే ఏమైంది? మొదటిరోజు పంతులమ్మగారు ఆ గడియారం వంక చూసి, "ఇప్పుడు దానికి రాత్రన్న మాట" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మావయ్య ఇంటికొచ్చి ఎర్ర సిరా తీశారు. మార్పు లేదు. కన్నీరు. ఖరీదు నాలుగు వందల యాభై, వృథా. ఆ తర్వాత సంక్రాంతికి వాళ్ళింట్లో సున్నాలు వేస్తుంటే నేను చూశాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటో పనివాళ్ళే దింపారు. ఆ గడియారాన్ని మాత్రం ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పమిటచెంగుతో తుడిచి తనే దింపారు, తనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఈ సంగతి మావయ్యకి చెబితే కొట్టిపారేశారు. "తుడవడానికి గడి లేదురా అబ్బాయ్."

మొన్న జనవరిలో ఆయనకే శుక్లాల ఆపరేషనైంది. ఎడమ కంటికి తెల్లటి ప్యాడు. చదవకూడదు, రాయకూడదు అని డాక్టరు చెప్పారు. అత్తయ్య రిజిస్టరు బియ్యం డబ్బాలో దాచేసింది. పొద్దుట్నుంచీ జనం. మేస్త్రీ గెంతుకుంటూ వచ్చి, పూత మీదున్న మందారం కుండీ గుమ్మంలో దింపి, "మీ దగ్గరైతే బాగా చూసుకుంటారండీ" అని చల్లగా జారుకున్నాడు. పెన్ను కుర్రాడు ఒకటే నవ్వు. చివర్లో పంతులమ్మగారు వచ్చారు. సంచీలోంచి హార్లిక్స్ సీసా తీసి బల్ల మీద పెట్టారు.

నేనూ అత్తయ్యా ఊపిరి బిగబట్టాం. మావయ్య కుడికన్ను సీసా మూత మీద గుర్తు కోసం వెతుకుతోంది.

"ఆలోచించే ఓపిక లేక దారిలో కనపడింది తెచ్చేశాను అన్నయ్యగారూ" అన్నారావిడ కుర్చీ లాక్కుని. తర్వాత గోడ మీద మావయ్య గడియారం వంక చూశారు. "తొమ్మిదిన్నరా? అయితే అక్కడ పదయింది. మా అమ్మాయి ఈపాటికి పిల్లాణ్ణి పడుకోబెడుతూ ఉంటుంది." ఆ మాట ఆవిడ చాలా మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పారు. చెప్పి గంటసేపు కూర్చుని, మనవడి కబుర్లన్నీ చెప్పి వెళ్ళారు.

నేను మళ్ళీ గదిలోకి వెళ్ళేసరికి మావయ్య హార్లిక్స్ పొడి చెంచాతో అలాగే నోట్లో వేసుకుంటున్నారు. నన్ను చూసి చెంచా దించలేదు.

"ఆ పుస్తకం బియ్యం డబ్బాలో ఉంది, తియ్యి" అన్నారు గొంతు తగ్గించి. "నా ముఖం నాకు కనపడదు కదా. చూసి నువ్వే రాయి."

బియ్యం దులిపి తెరిచాను. పేరు, కష్టము, వస్తువు, ఖరీదు నింపాను.

"ఏం రాశావు?"

"వికసించినది అని రాశాను మావయ్యా."

"పూర్తిగానా, పాక్షికంగానా? సరిగ్గా చూసి రాయి, రికార్డు అది."

"ఒక కంటికి ప్యాడుంది కదా మావయ్యా, నాకు కనపడినంత వరకు పాక్షికమే."

ఆయన కాసేపు ఆలోచించారు. ఇంకో చెంచా వేసుకున్నారు.

"ప్రస్తుతానికి పెన్సిలుతో రాసి ఉంచు" అన్నారు.