రెంటికీ చెడ్డ డిగ్రీ

మన చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్యం. వెక్కిరింపు కాదు, 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్య రచనకు ఇచ్చిన నిర్వచనంలోనే ఆ ముక్క ఉంది. అంటే మాదాపూర్‌లో అర్ధరాత్రి బగ్గులు ఏరుకుంటున్న కుర్రాడూ, విశ్వనాథ సత్యనారాయణగారూ చట్టం వేసిన ఒకే పంక్తిలో కూర్చున్నారు. గడువులోనూ తేడా లేదు: రాసినవాడు పోయాక మరో 60 ఏళ్లు. మూడేళ్లకు మూలపడే యాప్‌ను మునిమనవడి కాలం దాకా కాపాడే ఔదార్యం ఇది. ఉద్యోగంలో రాసిన కోడ్‌కైతే కవి అనే గౌరవం కుర్రాడిది, హక్కు జీతమిచ్చిన కంపెనీది.

ఈ సాహిత్యాన్ని రిజిస్టర్ చేయించాలంటే సోర్స్ కోడ్‌లో మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే చాలు. మధ్యలో ఏముందో అడిగే దిక్కు లేదు. మన సమీక్షకులు నవలలు చదివే పద్ధతీ అదే కనుక సాహిత్యమన్న పేరు సార్థకమే.

సాహిత్యంతో తృప్తిపడక ఆవిష్కరణ అని పేటెంట్ ఆఫీసు మెట్లెక్కితే పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) అడ్డు నిలుస్తుంది: ఉత్త ప్రోగ్రాంకి పేటెంట్ లేదు. ఏది ఉత్తది, ఏది గట్టిది? 2015 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చారు, డిసెంబరుకల్లా అటకెక్కించారు. 2016లో కొత్త హార్డ్‌వేర్‌ను వెంటబెట్టుకుని రమ్మన్నారు. 2017లో ఆ షరతు తీసేశారు. ట్యునీషియా దేశస్థుడు ఫెరిద్ అల్లాని 2002లో పెట్టిన దరఖాస్తును మళ్లీ పరిశీలించండని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది. పేటెంట్ ఆయుష్షు మొత్తం 20 ఏళ్లు, అదీ దరఖాస్తు వేసిన నాటి నుంచి లెక్క. మిగిలిన ఆయుష్షు మీరే లెక్కేసుకోండి.

అందుకే కోడూ చట్టమూ రెండూ చదవగల మనిషి కావాలి. ప్రస్తుతం పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్సో ఇంజినీరింగో చదివి ఉండాలి, కోర్టులో వాదించాలంటే లా పట్టా ఉండాలి. కోడ్ తెలిసినవాడు కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోతాడు. లోపలికి వెళ్లినవాడికి కోడ్ తెలియదు. జావా విషయంలో గూగుల్ మీద ఒరాకిల్ వేసిన దావా శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం ఆల్సప్ అనే జడ్జి ముందుకొచ్చింది. ఆయన సరదాకి ప్రోగ్రాములు రాసుకునే మనిషి. 'రేంజ్‌చెక్' అనే తొమ్మిది లైన్ల కోసం లాయర్లు మిన్ను విరిగినట్టు వాదిస్తుంటే, అలాంటివి తానే వందసార్లు రాశానని మొహం మీదే చెప్పాడు. రెండూ తెలిసినవాడి ముందు డాబు చెల్లదు.

అలాంటివాళ్లను తయారు చేయాలనే ఖరగ్‌పూర్ ఐఐటీ 2006లో ఇంజినీర్లకు లా చెప్పే బడి తెరిచింది. హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ పేటెంట్ చట్టంలో పీజీ డిప్లొమా నడుపుతోంది. వాటికి గిరాకీ చూసి బోర్డు తగిలించిన దుకాణాల సంగతే వేరు. అక్కడ లా సారు సెక్షన్లు డిక్టేషన్ చెబుతారు, కంప్యూటర్ సారు పీపీటీ చదువుతారు. ఒకరి క్లాసు ఏ అంతస్తులో జరుగుతుందో మరొకరికి తెలియదు. పరీక్షలో 'పేటెంటుకు, కాపీరైటుకు భేదములు వ్రాయుము' వస్తుంది. కాపీ కొట్టడం నేరమన్న పాఠాన్ని జిరాక్స్ నోట్సులో చదువుకుని, ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కుని, మేధో సంపత్తిలో పట్టా పుచ్చుకోవచ్చు.

గురువుల ప్రతిభ ఇంకా ఘనం. ఫారం 9 పెట్టి రుసుము కడితే పేటెంట్ దరఖాస్తు 18 నెలలు ఆగకుండా ముందే జర్నల్‌లో అచ్చవుతుంది. అచ్చు కావడం వేరు, మంజూరు కావడం వేరు. కానీ మర్నాటికల్లా కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేస్తుంది: 'పేటెంట్ సాధించిన మా హెచ్‌వోడీ గారికి శుభాకాంక్షలు'. ఆవిష్కర్తలు పదిమంది, మొదటి పేరు ప్రిన్సిపాల్‌ది. పరిశీలన కోరుతూ ఫారం 18 వేయకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. వేయకపోతేనేం? కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో అచ్చయిన దరఖాస్తులకూ లెక్క ఉంది కదా! ఆవిష్కరణ బతికిందా చచ్చిందా అన్నది ఫ్లెక్సీకి అనవసరం.

బీటెక్ ముగించిన బాబులూ, లా ముగించిన అమ్మలూ, ఫీజు కట్టే ముందు ఆఫీసు గదిలో మూడు మాటలు అడగండి. పాఠం చెప్పేవాళ్లలో ఒక్కరైనా పేటెంట్ క్లెయిములు రాసి, పరిశీలకుడి అభ్యంతరాలకు జవాబిచ్చారా? ఓపెన్ సోర్స్ కోడ్‌కుండే జీపీఎల్ లైసెన్సుకూ ఎంఐటీ లైసెన్సుకూ తేడాను అసలు కోడ్ ముందు పెట్టి చూపిస్తారా? లా చదివినవాళ్లకు కోడ్ పరీక్ష, ఇంజినీర్లకు వాదన పరీక్ష పెడతారా? జవాబు కోసం ప్రాస్పెక్టస్ తిరగేయడం మొదలుపెడితే లేచి వచ్చేయండి. అక్కడ ఇచ్చేది రెండు శాస్త్రాల పట్టా కాదు, రెండింట్లోనూ తప్పించుకున్నట్టు రసీదు.