ఏడు సంపుటాల నవల ఆపేయండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కు ఫాంటసీ రాయాలని కూర్చున్న పిల్లల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట. ఏడు సంపుటాల నవల, మొదటి సంపుటం సగమైంది, మ్యాపు గీసేశాం, రాజవంశాల పట్టిక తయారు, పైసలు కూడబెట్టుకుని సొంతంగా అచ్చేస్తాం. వాళ్లకు అందే సలహాలు కూడా ఒకే తీరుగా ఉంటాయి. రోజూ రాయాలి, వెయ్యి మాటలకు తగ్గకూడదు, చిన్న కథలు చేయి తిరగడానికే, అసలు పని నవల. నేను చెప్పేది వీటన్నిటికీ అడ్డం. ఆ నవల ఆపేయండి. ఒక్క ఫారంలో పట్టే కథ రాసి అచ్చేయండి. ఆ తర్వాత ఇంకొకటి. వ్యాపారం తెలిసిన ప్రచురణకర్త ఎవరూ ఈ సలహా ఇవ్వడు. నేను మాత్రం దీన్ని మనసా వాచా నమ్మి చెబుతున్నాను.

ముందు ఫారం సంగతి. డెమ్మీ సైజు కాగితం ఒకటి రెండు వైపులా అచ్చయి మూడు మడతలు పడితే పదహారు పేజీలు. ప్రెస్సువాళ్ల లెక్కంతా ఫారాల్లోనే నడుస్తుంది. 112 పేజీలంటే ఏడు ఫారాలు. నాలుగు లైన్లు 113వ పేజీకి జారాయా, ఇంకో ప్లేటు, ఇంకొంత కాగితం, ఇంకో మడత. పెద్ద సంస్థకు అది లెక్కలోకి రాదు. జీతంలోంచి తీసి అచ్చేసుకునేవాడికి అది నెల సరుకుల ఖర్చు. అందుకే కథ పొడవును కథే నిర్ణయించుకోవాలన్న మాట నేను ఒప్పుకోను, ఫారం నిర్ణయించాలి. పేజీకి 28 లైన్లు, లైనుకు ఏడెనిమిది మాటలు వేసుకుంటే పదహారు పేజీల్లో సుమారు మూడు వేల పైచిలుకు మాటలు పడతాయి. ఒక మంత్రగాడికి, ఒక శాపానికి, ఒక ఊరికి అది చాలు.

కథ పద్దెనిమిది పేజీలు వస్తే రెండు పేజీలు కోయాలి. మొదటి రెండే కోయండి. కొత్తగా ఫాంటసీ రాసేవాళ్ల మొదటి రెండు పేజీల్లో కథ ఉండదు. వేల ఏళ్ల కింద పుట్టిన లోకం, దాన్ని పంచుకున్న నాలుగు జాతులు, పోయిన కిరీటం, వీటి వివరం ఉంటుంది. అవి తీసేశాక మూడో పేజీ మొదట్లో ఎవరో తలుపు కొడుతుంటారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. పాఠకుడికి అర్థం కాదేమోనని భయపడొద్దు. విక్రమార్కుడి భుజం మీద శవం ఎందుకుందో పూర్తిగా తెలియకుండానే పిల్లలు తరతరాలుగా బేతాళ కథలు వింటున్నారు.

ఇక రోజుకు వెయ్యి మాటల సంగతి. ఈ కొలత మన భాషకు కుదరదు. చేయి తిరిగినకొద్దీ తెలుగు వాక్యంలో మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, లెక్క తగ్గిపోతుంది. నిన్న రాసిన పేజీని ఇవాళ బాగుచేస్తే మీ పట్టికలో మీరు వెనకబడ్డట్టు కనిపిస్తుంది. అట్లాంటి పట్టికను చించేయండి. నవల ఎంత శాతం అయిందో స్నేహితులకు చెప్పడం కూడా మానేయండి. అమెరికాలో బ్రాండన్ శాండర్సన్ అనే ఫాంటసీ రచయిత ఏ పుస్తకం ఎంత శాతం దాకా వచ్చిందో పాఠకులకు గీతలు గీసి చూపిస్తుంటాడు. మనవాళ్లు ఆయన్ను చూసి అదే నేర్చుకుంటున్నారు. కానీ 2022 మార్చిలో ఆయన నాలుగు నవలలు సొంతంగా అచ్చేస్తానని కిక్‌స్టార్టర్‌లో ప్రకటించినప్పుడు 4 కోట్ల 17 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ నాలుగు నవలలూ కరోనా కాలంలో పాఠకులెవరికీ చెప్పకుండా రాసినవి. ఏ గీతల్లోనూ లేనివి. మీరు నేర్చుకోవాల్సింది అది. చెప్పేసిన పని సగం అయినట్టే అనిపిస్తుంది, చేతిలో ఉరుకు తగ్గుతుంది.

రోజూ రాయకండి అని కూడా అంటాను. రోజూ చెప్పండి, పని ఎంతైందో కాదు, కథను. కాగితం మీద పెట్టేముందు కథను కనీసం ముగ్గురికి నోటితో చెప్పాలి. ఆ ముగ్గురిలో ఫాంటసీ చదివేవాళ్లు ఒక్కరూ ఉండకూడదు. అవ్వకు చెప్పండి, పత్తి తీసి వచ్చి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మకు చెప్పండి, బస్సులో పక్క సీటు ఆయనకు చెప్పండి. మా దిక్కు కథ వినేవాళ్లు ఊఁ కొడతారు. ఆ ఊఁ ఎక్కడ ఆగిందో గమనించండి, కథ తెగింది అక్కడే. ‘మల్లేమాయె?’ అని అడిగారా, ఆ చోటును రాసేటప్పుడు ముట్టుకోకండి. నాగర్‌కర్నూలు జిల్లా మనిషి దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పండుగల సాయన్న వీరగాథ పాడే కళాకారుడాయన. ఎదుట జనం ఉన్నారు గనక ఏ ఘట్టం సాగదీయాలో ఏది ఒక్క మాటలో దాటాలో అట్లాంటి గాయకుడికి అప్పటికప్పుడు తెలిసిపోతుంది. ల్యాపుటాపు ముందు ఒంటరిగా కూర్చున్నవాడికి అది తెలిసే దారి లేదు.

మ్యాపు విషయంలో నాకు చాలా పట్టింపు. కొత్త దేశం కల్పించకండి. రెండు నదుల మధ్య రాజ్యం కావాలని ఎవరైనా కాగితం మీద గీతలు గీస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలకు నడిగడ్డ అని పేరే ఉంది. ఆ నడిగడ్డలో గద్వాల కోట ఉంది, కోట లోపల డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. రాజదర్బారులో వర్క్‌షాపు డ్రాయింగు గీసే కుర్రవాడి కంటే మంచి కథానాయకుడు మీకు ఏ కల్పిత లోకంలో దొరుకుతాడు? ఆలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి, చాళుక్యుల నాటివి. స్థలపురాణంలో ఆ గుళ్ల వెనక రససిద్ధుడనే రసవాది ఉన్నాడు. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా ఊడదీసి ఆలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. గుడిని మోసుకొచ్చారు సరే, ఆ గుడి చుట్టూ తిరిగే దయ్యాలకు కొత్త చిరునామా ఎవరు చెప్పారు? ఒక్క ఫారం కథ అక్కడ సిద్ధంగా ఉంది.

ఉన్న ఊరికి మాయను అతికిస్తే నమ్మరని కొందరు అంటారు. అతికే తీరు గద్వాల మగ్గం దగ్గర చూసి రావాలి. చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు ఒక నాడె, అంచుకు ఇంకో నాడె. రెండూ ఎదురుపడ్డ చోట నూలు పోగు పట్టు పోగును చుట్టుకుని వెనక్కి మళ్లుతుంది, వరస వరసకూ అంతే. తర్వాత ఎంత లాగినా అంచు ఊడి రాదు. ఫాంటసీ కూడా అట్లాగే ప్రతి పేజీలో ఒకసారి ఊరిని తాకి వెనక్కి రావాలి. బస్సు టైము, కరెంటు కోత, రేషన్ బియ్యం, వీటిని తాకకుండా ఐదు పేజీలు మాయలోనే తిరిగితే చదివేవాడి చేతిలోంచి కథ జారిపోతుంది.

ఈ పని ఇక్కడ కొత్తదేమీ కాదు. ఇప్పటి నందివడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురం. 13వ శతాబ్దంలో అక్కడి గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ద్విపదలో రాశాడు. వాల్మీకిలో లేనివి అందులో ఎన్నో ఉన్నాయి. వారధికి ఇసుక మోసిన ఉడుత ఉంది. శూర్పణఖ కొడుకు జంబుకుమారుడు ఉన్నాడు. పొదలో కూర్చుని తపస్సు చేసుకుంటున్నాడు. లక్ష్మణుడు చేతికొచ్చిన కత్తి పదును చూద్దామని ఆ పొదను నరికాడు. లోపల మనిషున్నాడని తెలియదు. పొదతో పాటు ఆ పిల్లవాడూ తెగిపోయాడు. ఇప్పుడు శూర్పణఖ పర్ణశాల దగ్గరికి రావడంలో ఇంకో అర్థం వచ్చింది, కొడుకు పోయిన తల్లి ఆమె. అంత పెద్ద రామాయణంలో ఈ ఘట్టం ఎంత చిన్నదో చూడండి. ఒక పొద, ఒక కత్తి, ఒక పొరపాటు. దానితో అందరికీ తెలిసిన కథ మొత్తం పక్కకు ఒరిగింది. మీ పదహారు పేజీలకు ఇంతకు మించిన పాఠం లేదు. కల్పించాల్సింది లోకాన్ని కాదు, ఉన్న లోకంలో ఒక్క కొత్త కారణాన్ని.

పుస్తకం అట్ట మీద మీ పేరు పెద్దక్షరాల్లో వేయకండి. ఊరి పేరు పెద్దగా వేయండి, మీ పేరు అట్ట లోపలి వైపు చాలు. చందమామలో 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన పన్నెండు సీరియళ్లు ఇంటింటా చదివారు. రాసింది ఎవరో చాలామందికి ఏళ్ల తరబడి తెలియలేదు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అనే పేర్లు గుర్తుండిపోయాయి. నాగర్‌కర్నూలులో బతికిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) పాలమూరు నేల మీది గుళ్లూ క్షేత్రాలూ పట్టుకుని ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క పుస్తకం రాస్తూ పోయారు. ఆయనది ఫాంటసీ కాదు. స్థల చరిత్ర, పురాణం, భాషాశాస్త్రం, శతకం, అన్నీ ఉన్నాయి. కానీ ఊరి పేరే పుస్తకం పేరుగా పెట్టి, ఆ ఊరివాళ్లు అది మాది అనుకునేట్టు చేసిన పద్ధతి మనం తీసుకోవాల్సిందే. ‘సలేశ్వరం’ అని క్షేత్రం పేరు అట్ట మీద ఉంటే నల్లమల అంచు పల్లెల్లో ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోని మనిషి ఉండడు.

ఆవిష్కరణ సభ పెట్టకండి. హాలు కిరాయి, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు, వేదిక మీదున్న అందరికీ ఉచిత ప్రతులు. ఆ ఖర్చుతో రెండో ఫారం అచ్చవుతుంది. ముందుమాటలు కూడా వద్దు. పెద్దమనిషి ఒకరు తీరిక చేసుకుని నాలుగు పేజీలు రాసిచ్చేసరికి ఆరు నెలలు పోతాయి, ఆ నాలుగు పేజీలు మీ పదహారులోంచే పోతాయి. అచ్చుతప్పుల దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. యూనికోడ్‌లో టైపు చేసిన కథను డీటీపీవాళ్లు తమ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెదురుతాయి. ప్రూఫు కాగితం మీదే తీసుకోండి, గట్టిగా చదువుతూ దిద్దండి. పక్కన ఇంకొకరు అసలు ప్రతి పట్టుకుని కూర్చోవాలి.

అమ్మడానికి పుస్తకాల షాపు వెతకకండి. జనం వేచి ఉండే చోటు వెతకండి. బస్టాండు, గద్వాల రైల్వే స్టేషను, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయే దారి. చాయ్ హోటలాయన గల్లా దగ్గర పది ప్రతులు పెట్టమంటే కాదనడు. ఇంత చిన్న పుస్తకమా అని చిన్నబుచ్చుకోకండి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చినప్పుడు 354 మంది కవులు అందులోకి వచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన ఒక మహాకావ్యం రాసి జవాబు చెప్పలేదు. ఒక్కొక్కరికి కొంచెం చోటిచ్చి అందరినీ ఒక దగ్గర చేర్చారు. గద్వాల దిక్కు పల్లెలో పుట్టిన మనిషి చేసిన పని ఇది. చిన్నవాటిని తక్కువగా చూసేవాళ్లకు నేను ఆ సంచికనే చూపిస్తాను.

పదహారు పేజీలే కదా అని కాగితం పనులు వదిలేయకండి. ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఎవరికీ పైసలు కట్టనక్కరలేదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో ఒక ప్రతి కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి సొంత ఖర్చుతో పంపాలి. పంపండి. మీ ఊరి దయ్యం కథ కలకత్తాలో భద్రంగా ఉంటుంది.

చివరిగా పేజీల నంబర్లు. ఇది చెబితే ప్రెస్సాయన మీ వైపు వింతగా చూస్తాడు. రెండో కథను 1వ పేజీతో మొదలుపెట్టకండి, 17తో మొదలుపెట్టండి. మూడోది 33తో. ముఖచిత్రం, పేరు, ధర, చిరునామా అన్నీ విడి అట్ట మీదే ఉండాలి, ఫారంలో కథ తప్ప మరేదీ ఉండకూడదు. ప్రతిసారీ వంద ఫారాలు ఎక్కువ వేయించి, పిన్ను కొట్టించకుండా, చెదలు పట్టని చోట దాచండి. కాగితం ఒకే రకం వాడండి. పన్నెండు కథలయ్యాక ఆ ఫారాలు కుట్టించి ఒక అట్ట వేస్తే 192 పేజీల పుస్తకం తయారు, మళ్లీ అచ్చు ఖర్చు లేదు. అంతదాకా బస్టాండులో రెండో కథ కొన్నవాళ్లు 17వ పేజీ చూసి మొదటి పదహారు ఏవని అడుగుతుంటారు. సంచిలో మొదటి కథ ప్రతులు ఎప్పుడూ నాలుగు పెట్టుకుని తిరగండి.