ఆగస్టు ఎండలో క్రిస్మస్ జాజ్

డిసెంబరు వచ్చిందంటే కొత్త రకం భక్తి ఒకటి బయల్దేరుతుంది. టీవీ తెర మీద కట్టెలు కాలుతుంటాయి. కిటికీ అవతల మంచు రాలుతుంటుంది. ఓ పిల్లి ముడుచుకుని పడుకుంటుంది. వెనక ఎవరో పియానో మెల్లగా వాయిస్తుంటారు. పేరు 'కోజీ క్రిస్మస్ జాజ్', నిడివి పది గంటలు. వాయించిందెవరో రాయరు గానీ హామీలకు లోటుండదు: ఒత్తిడి తగ్గుతుంది, చదువు మీద ధ్యాస నిలుస్తుంది, నిద్ర పడుతుంది. అజీర్తి ఊసు ఇంకా ఎత్తలేదు, వచ్చే ఏడాది చూడాలి. విజయవాడలో ఫ్యాన్ వేసుకుని మరీ ఈ చలిమంట కాచుకునే పుణ్యాత్ములు ఉన్నారు.

వాళ్లను చూసి నవ్వకండి. అసలు సంప్రదాయం పాటిస్తున్నది వాళ్లే.

ఎందుకంటే ఈ చలి పాటల్లో పేరున్నవి కొన్ని మండుటెండలోనే పుట్టాయి. 1945 వేసవిలో, కాలిఫోర్నియాలో, ఉక్క భరించలేక పాటల రచయిత బాబ్ వెల్స్ చలికాలం గురించి నాలుగు ముక్కలు రాసుకున్నాడు, కనీసం మనసైనా చల్లబడుతుందని. గాయకుడు మెల్ టోర్మె వచ్చి ఆ కాగితం చూశాడు. గంట తిరక్కుండానే 'ది క్రిస్మస్ సాంగ్' తయారు. మరుసటి ఏడాది నాట్ కింగ్ కోల్ దాన్ని రికార్డు చేశాడు. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ క్రిస్మస్ ఆల్బం రికార్డింగ్ 1960 జూలై, ఆగస్టుల్లో జరిగింది.

ఇక ఆ కట్టెల కథ ఇంకా బావుంటుంది. 1966లో డబ్ల్యూపీఐఎక్స్ అనే న్యూయార్క్ టీవీ స్టేషన్ వాళ్లు ఊరి మేయర్ ఇంట్లో చలిమంటను చిత్రించి, క్రిస్మస్ ముందురోజు రాత్రి పాటలతో కలిపి ప్రసారం చేశారు. మంట బాగా కనబడాలని దాని ముందున్న అడ్డుజాలీ తీసేస్తే నిప్పురవ్వ ఎగిరి మేయర్ గారి ఖరీదైన తివాచీ కాలింది. కొన్నేళ్లకు మళ్లీ తీద్దామని వెళితే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు? 1970లో కాలిఫోర్నియాకు పోయి, ఆగస్టు ఎండలో కట్టెలు రాజేసి చిత్రించుకొచ్చారు. అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి కాచుకున్న చలిమంట ఇదీ.

సరే, ఎండలో కూర్చుని మంచు గురించి పాడటం కూడా కళే, దాంతో నాకు పేచీ లేదు. జాజ్ అంటే గదిలో కొట్టుకునే సెంటు అనుకునే వాళ్లతోనే పేచీ.

1962లో కొలంబియా రికార్డుల కంపెనీ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌ను ఒక క్రిస్మస్ పాట చేసివ్వమంది. ఆయన పాటలు రాసి పాడే బాబ్ డరోను పిలిపించాడు. ఆగస్టు 21న (మళ్లీ ఆగస్టే!) 'బ్లూ ఎక్స్‌మస్' రికార్డయింది. పండగ పేరు చెప్పి సాగే బేరాన్నీ, ఏడాదికోసారి పుట్టుకొచ్చే దొంగ ఆప్యాయతనూ ఉతికి ఆరేసే పాట అది. ఆ పిల్లి పక్కన ఎప్పుడైనా ఈ పాట వినబడితే నాకు కబురు చేయండి.

ఇక 'మై ఫేవరెట్ థింగ్స్' పాటను క్రిస్మస్ పాటల్లో కలిపేశారు. ఆ పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదు, మంచూ ఉన్ని చేతితొడుగులూ ఉంటే చాలనుకున్నారు కాబోలు. దాన్ని జాన్ కోల్ట్రేన్ సోప్రానో సాక్సోఫోన్ మీద ఎత్తుకుంటే దాదాపు 14 నిమిషాలు. బాణీని పట్టుకుని తిప్పుతాడు, విడదీస్తాడు, ఊపిరాడనివ్వడు. అది వింటూ హాయిగా నిద్రపోగలిగిన వాడిని డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటే ఘోరం పియానో విద్వాంసుడు విన్స్ గురాల్డీకి జరిగింది. క్రిస్మస్ అంతా వ్యాపారమైపోయిందని దిగులుపడే పిల్లాడి కథ 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. 1965లో దానికి ఆయన సంగీతం. పిల్లల కార్టూన్‌కు జాజ్ ఏమిటని సీబీఎస్ టీవీ పెద్దలు పెదవి విరిచారు. డిసెంబరు 9న ప్రసారమైతే జనం విరగబడి చూశారు. ఎమ్మీ అవార్డు వచ్చింది, పీబాడీ వచ్చింది. 2012లో ఆ సంగీతపు ఆల్బంను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. గురాల్డీ మాత్రం 1976లోనే, 47 ఏళ్లకే, ఒక క్లబ్బులో వాయిస్తూ, రెండు కచేరీల మధ్య విరామంలో పోయాడు. ఇప్పుడు ఆ దిగులు పియానోనే పెట్టి షాపుల్లో స్వెట్టర్లు అమ్ముతున్నారు. చార్లీ బ్రౌన్ చూసుంటే ఇంకో కార్టూన్ తీయమని గొడవ చేసేవాడు.

కనుక అయ్యలారా, అమ్మలారా, ఈ డిసెంబరులో ఆ కట్టెలు ఆర్పేయండి. పిల్లిని నిద్ర లేపండి. పేరూ ఊరూ ఉన్న మనిషి వాయించిన రికార్డు ఒక్కటి పెట్టుకుని, ఫోను అవతల పడేసి, చివరిదాకా వినండి. చుట్టాలొస్తే మైల్స్ డేవిస్‌ను పెట్టండి. నొచ్చుకుని లేచిపోయిన వాళ్ల వాటా కేకు మీకే.