మూడు స్ట్రయికుల పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: టెక్సస్ రాష్ట్రంలో ఫ్రిస్కో పట్టణం, మనవాళ్లు దండిగా ఉన్న ఊరు. ఒక శనివారం పొద్దున అక్కడ పన్నెండేళ్లలోపు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచి జరుగుతుండగా, మడతకుర్చీలో కూర్చున్న వేరొక పిల్ల తండ్రి ఈ తేటగీతిని ఫోనులో కొట్టాడని ప్రతీతి. కవి పేరు తెలియదు. తెలిస్తే పార్కింగు దగ్గర అతనికి క్షేమం కాదు.

కోచు చెప్పిన తీరున కొట్టబోవ
నాన్న కంచెకు నానుచు నాగుమనును
బంతి వచ్చెను పోయెను బ్యాటు నిలిచె
మూడు స్ట్రయికులు! బెంచికి ముదిత నడిచె

ప్రతిపదార్థం:

కోచు = జట్టుకు ఆట నేర్పేవాడు. ఈ వయసు జట్లలో ఇది తరచు జీతం లేని కొలువు, చేసేది జట్టులోని మరో పిల్ల తండ్రి. ఆ మరో పిల్లే ఎప్పుడూ షార్ట్‌స్టాప్ స్థానంలో ఎందుకు ఆడుతుందన్న ప్రశ్నకు ప్రత్యేక భాష్యం అవసరం. గ్రంథవిస్తర భీతి చేత ఇక్కడ రాయటం లేదు.

చెప్పిన తీరునన్ = వెనక మోచెయ్యి ఎత్తి, చేతులు నేరుగా బంతి మీదికి తెచ్చి, కిందికి కొట్టి, బంతిని నేల మీద దొర్లించి, పరుగెత్తమన్న విధంగా.

కొట్టబోవన్ = కొట్టడానికి సిద్ధపడగా. 'కొట్టగా' అనలేదు కవి. కవులు ఊరికే అనరు, ఊరికే అనకుండానూ ఉండరు.

నాన్న = తండ్రి. గుంటూరులో ఇంజినీరింగు చదివే రోజుల్లో హాస్టలు జట్టుకు ఓపెనరు.

కంచెకున్ ఆనుచున్ = హోమ్ ప్లేట్ వెనక ఉండే ఇనుప వలకు ముఖం ఆనించి. మూడో ఇన్నింగ్సు నాటికి నుదుటి మీద వల అచ్చు పడుతుంది. ఇది భక్తి చిహ్నంగా గ్రహించాలి.

ఆగుము అనును = ఈ రెండు మాటల్లోనే పద్యమంతా ఉంది. ఆ తండ్రి అన్నది "అమ్మలూ, ఆగి ఆడు!" అని. తెలుగులో అన్నాడు. మ్యాచి నడుస్తుండగా తల్లిదండ్రులు బ్యాటింగు పాఠాలు చెప్పకూడదని సీజను మొదట్లో అందరి చేతా సంతకం పెట్టించుకున్న కోచుకు తెలుగు రాదు కనక, ఒప్పందం ఉల్లంఘించినట్టు కాదని తండ్రి వాదం. కోచు మాత్రం ఆ గొంతు వినగానే పళ్లు కొరుకుతాడు. భాష రాకపోయినా భావం అందుతుందనడానికి ఇదొక నిదర్శనం.

ఇక ఆగి ఆడమనడం క్రికెట్‌లో పెద్దల మాట. అక్కడ బంతి నేల తాకి లేస్తుంది, తాకాక దారి మార్చుకుంటుంది. ఆగినవాడు బతుకుతాడు. ఇక్కడ బంతి నేల తాకదు. పిల్లకేమో ఆ వాక్యంలో 'ఆగి' అన్న రెండక్షరాలే చెవిన పడ్డాయి. ఆగింది.

బంతి = పసుపు పచ్చది, చుట్టుకొలత 12 అంగుళాలు. పేరులో 'సాఫ్ట్' ఉందని నమ్మి చేత్తో పట్టబోయిన తాతగారొకరు మళ్లీ మైదానానికి రాలేదు. వచ్చెను, పోయెను = రెండు క్రియలకూ నడుమ కవి ఏమీ పెట్టలేదు, పెట్టడానికి చోటు లేదు. ఈ వయసు పిల్లలకు పిచ్చరుకూ ప్లేటుకూ దూరం 40 అడుగులు. చెయ్యి గాలిమరలా తిప్పి తుంటి దగ్గర నుంచి వదిలిన బంతి గంటకు 50 మైళ్ల వేగంతో వస్తే, సెకనుకు సుమారు 73 అడుగులు దాటుతుంది. పిచ్చరు ఒక పెద్ద అంగ ముందుకు వేసి మరీ వదులుతుంది. కాబట్టి బ్యాటు పట్టిన పిల్లకు దక్కేది అరసెకను లోపే. ఆ అరసెకనులో కోచు వాక్యం ఒకటి, నాన్న వాక్యం ఒకటి పట్టాలి. కొట్టడానికి మిగిలే భాగాన్ని గణితజ్ఞులు చెప్పాలి.

బ్యాటు నిలిచె = కదలలేదు. మూడు వందల డాలర్లు దాటిన బ్యాటు. నిలబడ్డప్పుడు కూడా ఖరీదుగానే ఉంటుంది.

మూడు స్ట్రయికులు = కొట్టదగ్గ బంతిని వదిలేసినా, బ్యాటు తిప్పి తప్పినా ఒక స్ట్రయికు. మూడైతే అవుటు.

ముదిత = సంతోషం గల స్త్రీ. పదకొండేళ్ల పిల్ల స్త్రీ ఎలా అయింది, మూడో స్ట్రయికుకు సంతోషం ఎలా కలిగింది అని ఆక్షేపం. యతి కోసం అని సమాధానం.

తాత్పర్యం: పిల్ల కొట్టలేదు.

విశేష వ్యాఖ్య: ఎందుకు కొట్టలేదన్న చోట రెండు సంప్రదాయాలు ఉన్నాయి. పెద్దల బేస్‌బాల్ నుంచి పిల్లల సాఫ్ట్‌బాల్‌కు దిగివచ్చినవి. మొదటిదానికి ఆచార్యుడు టెడ్ విలియమ్స్. 1941లో .406 సగటు సాధించినవాడు, ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక సీజనుకు నాలుగు వందల గీత దాటినవాడు లేడు. 1970లో వచ్చిన 'ద సైన్స్ ఆఫ్ హిట్టింగ్' ఇతని గ్రంథం. పిచ్చరు గుట్ట మీద నుంచి వదిలిన బంతి కిందికి దిగుతూ వస్తుంది కనక, బ్యాటు కొంచెం పైకి లేస్తూ దానికి ఎదురుపోవాలి, బలం తుంటి తిప్పులో ఉంది అని ఇతని మతం. రెండోదానికి ఆచార్యుడు చార్లీ లౌ. బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మార్చు, తల కదపకు అన్నాడు. 1980లో 'ది ఆర్ట్ ఆఫ్ హిట్టింగ్ .300' రాశాడు. ఆటగాడిగా ఆయన సొంత సగటు .255. దీన్ని పట్టుకుని నవ్వేవాళ్లున్నారు. జార్జ్ బ్రెట్ వంటి శిష్యుణ్ని చూపితే నవ్వు ఆపుతారు.

మన కోచు తనది లౌ మతమని అనుకుంటాడు. నిజానికి అతనిది తన చిన్నప్పటి కోచు మతం: కిందికి కొట్టు, వెనక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పు. లౌ చూస్తే ఒప్పుకునేవాడో లేదో. తండ్రిది మొదటి ఏడు క్రికెట్ మతం, అంటే ముందు మోచెయ్యి ఎత్తాలి. కోచు ఎత్తమన్నది వెనక మోచెయ్యి. విధేయురాలైన పిల్ల ఇద్దరి మాటా నిలబెట్టి, రెండు మోచేతులూ లేపి గరుత్మంతుడి భంగిమలో ఒక సీజనంతా నిలబడింది. రెండో ఏడు తండ్రికి యూట్యూబ్‌లో జ్ఞానోదయమైంది. 2015లో మేజర్ లీగు మైదానాలన్నిటా స్టాట్‌కాస్ట్ కొలతలు వచ్చాక బంతి ఏ కోణంలో లేచిందన్నది ఇంటింటి మాటైంది కదా, ఆయనా ఫోనులో కూతురి స్వింగును ఆపి ఆపి చూసి కోణాలు గీయడం మొదలెట్టాడు. అయితే సాఫ్ట్‌బాల్ పిచ్చరు గుట్ట మీద నిలబడదు. సమతలం మీద నుంచి, తుంటి ఎత్తున వదులుతుంది. బేస్‌బాల్ కోణాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే కుదరదన్న సంగతి ఆ వీడియోల్లో వచ్చేసరికి ప్రకటన అడ్డొస్తుంది కాబోలు.

ఎవరిది ఒప్పు అని అడిగితే, స్వింగు విషయంలో తండ్రి కొంచెం దగ్గరగా ఉన్నాడని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. బంతి వచ్చే దారిలోకి బ్యాటును పెట్టి ఎక్కువసేపు ఉంచాలన్నది నిలిచే మాట, గొడ్డలితో నరికినట్టు కిందికి కొట్టమనడం నిలవదు. కానీ ప్లేటు దగ్గర నోరెత్తే హక్కు కోచుదే, ఆయన సిద్ధాంతం సగం తప్పైనా సరే. టోపీ, చెవి, బెల్టు తాకుతూ మూడో బేసు దగ్గర నుంచి ఆయన చేసే సైగలనే పిల్ల చూడాలి. మోచెయ్యి తగాదాకు మంగళవారం ప్రాక్టీసు ఉంది, టీ అనే స్టాండు మీద పెట్టిన కదలని బంతి ఉంది, కావలసినంత సమయముంది. ఆ మంగళవారం తండ్రి ఆఫీసు కాల్‌లో ఉంటాడు, కోచు అవుట్‌ఫీల్డు పిల్లలకు క్యాచులు వేస్తుంటాడు.

అసలు తగాదా మోచెయ్యి కాదనే వాళ్లూ ఉన్నారు. పిల్ల కాలు చురుకు. అందుకని కోచు ఆమెను ఎడమ వైపు నిలబెట్టి 'స్లాపర్'ను చేద్దామంటాడు. అంటే బంతి వస్తుండగానే మొదటి బేసు వైపు అడుగు వేస్తూ, బ్యాటుతో తట్టి, ఆ ఊపులోనే పరుగు తీయడం. బేసు 60 అడుగులు. ఎడమ వైపు నిలబడితే రెండు మూడు అడుగులు కలిసొస్తాయి, అడుగు గీత దాటినప్పుడు బంతి తగిలితే మాత్రం అవుటు. సాఫ్ట్‌బాల్‌లో ఇది గౌరవమైన విద్య. తండ్రికి ఇది అవమానం. "తట్టి పారిపోవడానికా ఇంత దూరం వచ్చాం?" అని ఆయన ప్రశ్న. ఎవరు ఎక్కడికి ఎందుకు వచ్చారన్నది ఈ పద్యం పరిధిలోకి రాదు.

మూలంలో లేనిది రాయనని మెదక్ సీమకు చెందిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. అంత నిగ్రహం కోచుకూ తండ్రికీ ఎలాగూ లేదు, ఈ వ్యాఖ్యాతకూ లేదు. పైగా ఈ మూలానికి నోరుంది. పిల్లను ఎవరూ అడగలేదు.

అలంకారం: విశేషోక్తి. కారణాలన్నీ సమకూడినా కార్యం పుట్టకపోవడం. కోచు ఉన్నాడు, నాన్న ఉన్నాడు, బ్యాటు ఉంది, బంతి నడిమధ్యగా వచ్చింది, దెబ్బ లేదు. స్కోరు పుస్తకంలో ఇలాంటి అవుటుకు 'కె' అక్షరాన్ని తిరగేసి రాస్తారు. బ్యాటు తిప్పి తప్పినవాళ్లకు తిన్నని కె, చూస్తూ నిలబడ్డవాళ్లకు తిరగేసిన కె. లిపిలోనే వెక్కిరింపు ఉన్న ఆట ఇది.

పాఠాంతరం: మధ్యాహ్నం మ్యాచి ప్రతిలో నాలుగో పాదం ఇలా కనిపిస్తుంది:

నాల్గు బాళ్లాయె బేసుకు నడిచె పిల్ల

మూడో పాదం యథాతథం. బంతి వచ్చింది, పోయింది, బ్యాటు నిలిచింది. ఈసారి బంతులు ప్లేటుకు పక్కగా పోయాయి, అంతే. నాలుగు బాళ్లయ్యాయి కనక అంపైరు మొదటి బేసు చూపించాడు. ఇక్కడ అలంకారం విభావన, కారణం లేకుండానే కార్యం. కోచు చప్పట్లు కొట్టి, బంతిని పసిగట్టే కన్ను తానే నేర్పానన్నాడు. కంచె దగ్గర తండ్రి, ఆగమన్నాను, ఆగింది అన్నాడు. ఆ రాత్రి గుంటూరు నుంచి వీడియో కాల్‌లో నానమ్మ అడిగింది, ఎంత కొట్టావే అని.

"కొట్టలేదు నానమ్మా, నడిచాను."

"నడవడానికి బ్యాటెందుకే?"