మౌనం అమ్మే కొట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

మైకు కొన్నఁ జాలు మధురమౌ పాటని
గదిని మరచువాని ఘనత యేమి
పెట్టె తీగ మూత పేటలో దొరకును
మౌన మెట్టి కొట్టు మహిని నమ్ము

అవతారిక

ఇంట్లోనే పాట రికార్డు చేసుకోదలచి, చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఏ సరంజామా కొనాలో తేల్చుకోలేక తికమకపడే గృహస్థునికి ఉపదేశంగా ఈ ఆటవెలది వెలసింది. కర్త పేరు తెలియరాలేదు. పద్యానిదీ టీకదీ ఒకే చేతివ్రాత కావడాన్ని బట్టి కొందరు ఏవో అనుమానాలు వెలిబుచ్చారు గాని, అవి ఇక్కడ చర్చనీయం కావు. దేశం మాత్రం నిర్వివాదం. అది 2004లో ధర్మపురి నుంచి విడిపడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లా, అందులోనూ హోసూరు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలోనూ ఒక్కోసారి ఒకే వాక్యంలోనూ వినిపించే ఈ సీమలో, కైవారం తాతయ్య తత్వాలు పాడుకునే పెద్దలు మొదలుకొని సినిమా పాటకు కొత్త గొంతు తొడగాలని ఉబలాటపడే కుర్రకారు దాకా, పదడుగుల పడకగదిని స్టూడియో అని పిలుచుకునే వారందరూ ఈ పద్యానికి అధికారులే.

ప్రతిపదార్థం

మైకు అనగా గొంతులోంచి వెలువడిన గాలి కదలికను విద్యుత్తుగా మార్చే సాధనం. ఇది ప్రధానంగా రెండు విధాలు. డైనమిక్ మైకులో పలుచని పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం నడుమ కదిలి తనకు కావలసిన కరెంటును తానే పుట్టించుకుంటుంది. 1966లో షూర్ కంపెనీ విడుదల చేయగా నేటికీ కచేరీ వేదికల మీద గుండ్రని జాలీ తలతో కనిపించే ఎస్ఎమ్58 ఈ జాతికి చెందినదే. కండెన్సర్ మైకులో అతి దగ్గరగా ఉన్న రెండు పలకల నడుమ విద్యుదావేశం నిలిచి ఉండి, ముందు పలక గాలికి వణికినప్పుడల్లా సంకేతం పుడుతుంది. దీనికి సాధారణంగా బయటినుంచి 48 వోల్టులు అందాలి. పాటను ఇటు తెచ్చే తీగలోనే ఈ కరెంటు కంటబడకుండా అటు పోతుంది కనుక దానికి ఫాంటమ్ పవర్, అంటే దయ్యపు కరెంటు, అని పేరు. కండెన్సర్ సూక్ష్మగ్రాహి. గమకం చివర ఊపిరి సన్నబడటాన్ని పట్టుకుంటుంది, పక్కింటి కుక్కరు మూడో కూతనూ పట్టుకుంటుంది. ఈ రెండో గుణాన్ని అట్టపెట్టె మీద ఎవరూ అచ్చువేయరు.

కొన్నఁ జాలు: కొన్నన్ + చాలు. ద్రుతం మీది చకారం సరళమై జకారమైంది. చేదర్థకం కనుక కొంటే చాలునని అర్థం. కొనడానికీ చాలడానికీ మధ్య దూరాన్ని వ్యాకరణం ఒక అరసున్నతో సరిపెట్టింది గాని, లోకంలో ఆ సందులో అప్పులు పడతాయి.

పెట్టె అనగా ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు పంపిన సంకేతాన్ని కంప్యూటరుకు తెలిసే అంకెలుగా మార్చే చిన్న డబ్బా. ఇది సెకనుకు 44,100 సార్లు సంకేతాన్ని కొలిచి రాసుకుంటుంది. 1982లో వచ్చిన సీడీకి కుదిరిన లెక్కే ఇది, పాటకు నేటికీ చాలుతుంది. కొలిచిన ప్రతిసారీ ఎంత సన్నగా రాసుకుంటుందో చెప్పేది బిట్ల సంఖ్య. 24 బిట్లు ఉన్న పెట్టెలో పాటను కాస్త తగ్గు మోతాదులో రికార్డు చేసి తరువాత పెంచుకున్నా గరగర పెద్దగా పైకి రాదు కనుక, గొంతు ఒక్కసారిగా తారస్థాయికి లేచే చోట పగిలిపోతుందన్న భయం ఉండదు. ఒక్కరే పాడే ఇంట్లో ఎనిమిది మైకులు గుచ్చే పెట్టె కొనడం, ఒంటరి బ్రహ్మచారి గుండిగ కొన్నట్టు.

తీగ అనగా మూడు ముళ్ల ఎక్స్ఎల్ఆర్ కేబులు. అందులో రెండు తీగలు ఒకే పాటను ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా మోసుకువస్తాయి. దారిలో అంటుకున్న కరెంటు రొద మాత్రం రెండింటికీ ఒకే విధంగా అంటుతుంది. చివర తలకిందులైనదాన్ని తిరగేసి కలిపేసరికి పాట రెట్టింపై, రొద రొదనే చంపుకుంటుంది. ఇంత చక్కని ఉపాయం ఇంత చవక వస్తువులో ఉండటం అరుదు.

మూత అన్న పదం దగ్గర వ్యాఖ్యాతలు రెండు శాఖలుగా చీలారు. చెవుల మీది మూత, అనగా హెడ్‌ఫోన్ అని ఒక శాఖ. నోటి ముందు కట్టే పలుచని గుడ్డ, అనగా పకార బకారాలు పలికినప్పుడు కొట్టే గాలిని విడగొట్టే పాప్ ఫిల్టర్ అని రెండో శాఖ. రెండో దానిని పాత వాయిల్ గుడ్డ ముక్కతో, రవికలు కుట్టే వారి దగ్గర దొరికే చట్రంతో ఇంట్లోనే చేసుకోవచ్చు గనుక, డబ్బు పెట్టి కొనవలసింది మొదటిదేనని సమన్వయం. అది చెవులను పూర్తిగా మూసేదై, తీగ గలదై ఉండాలి. బ్లూటూత్ మూతలో తన పాట తనకు ఆలస్యంగా వినబడి గాయకుడు తాళం తప్పుతాడు.

పేట: ఈ సీమవారు పేట అంటే నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు పాతపేట అనీ, ప్రత్యేకించి ఎలక్ట్రానిక్ సరుకుకు పేరుపడ్డ సదర్ పత్రప్ప రోడ్డు అనీ గ్రహించాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను తనిఖీలు పోయాయి కనుక, మైకు స్టాండు చేతబట్టుకుని సరిహద్దులోని అత్తిబెలె దాటేవాడు ఇప్పుడు బస్సు కండక్టరుకు తప్ప మరెవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మైకు, స్టాండు, చేయి, తీగ, నురగ టోపీ అన్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి వెయ్యీ రెండు వేలకు అమ్మే కిట్టును మాత్రం దూరం నుంచే నమస్కరించి విడిచిపెట్టాలి. అందులో తరచుగా కండెన్సర్ మైకు ఉంటుంది, దానికి కావలసిన 48 వోల్టులు ఉండవు.

గది

పద్యానికి ప్రాణం ఈ పదమే. కృష్ణగిరి గ్రానైటుకు ప్రసిద్ధమైన జిల్లా. నున్నగా పాలిష్ చేసిన ఆ రాయి నేల మీదా అరుగు మీదా పరుచుకుని కంటికి ఎంత చల్లగా ఉంటుందో, చెవికి అంత కఠినంగా ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పదడుగుల గది నడుమ నిలబడి పాడితే ఎదుటి గోడకు తగిలి తిరిగి రావడానికి దానికి తొమ్మిది మిల్లీసెకన్లు చాలు. ఇంత తక్కువ వ్యవధిలో వచ్చిన దాన్ని చెవి ప్రతిధ్వనిగా గుర్తించలేక అసలు పాటతోనే కలిపేసుకుంటుంది. పాట బావిలోంచి వచ్చినట్టు డొల్లగా వినబడటానికి కారణం ఇదే. గాయకుడు తన గొంతును నిందించుకుని ఇంకా ఖరీదైన మైకు తెస్తాడు. ఆ మైకు అదే గోడలను ఇంకా శ్రద్ధగా వినిపిస్తుంది.

ఇందుకు విరుగుడు బీరువాలో ఉంది. రెండు తలుపులూ బార్లా తెరిచి, వేలాడే చీరలకు వీపు ఆనేటంత దగ్గరగా నిలబడి, ఎదురుగా ఒక బొంతను తాడు మీద ఆరేసి, మైకును పెదవులకు జానెడు దూరంలో పెట్టి పాడితే, గోడలకు చేరే పాటలో చాలా భాగం గుడ్డల్లోనే ఇంకిపోతుంది. జానెడును రెండు జానలు చేస్తే గొంతు ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది గాని గది మోత ఇంచుమించు అలాగే ఉంటుంది కనుక, దగ్గరగా పాడటమే అన్నిటికన్నా చవకైన పరికరం. మరీ బెత్తెడు దూరానికి జరిగితే ఎక్కువ మైకులు మంద్రాన్ని తెచ్చిపెట్టుకుని గొంతును బరువుగా చూపిస్తాయి. అది కొందరికి నచ్చుతుంది కూడా. గోడకు కోడిగుడ్ల అట్టలు అతికించాలన్న వాదం ఈ ప్రాంతంలో బలంగా వ్యాపించింది గాని, ఆ పలుచని అట్ట కీచు ధ్వనులను కొద్దిగా చెదరగొట్టడం తప్ప మంద్రాన్ని ఏమీ చేయలేదు. గుడ్లు తినవచ్చు.

పూర్వపక్షం

చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకని ఆక్షేపం. బాణీ మరిచిపోకుండా దాచుకోవడానికి ఫోను చాలునన్నది నిజమే. అయితే చాలా ఫోన్లు సన్నగా పాడితే తమంతట తామే పెంచి, గట్టిగా పాడితే తగ్గించి, అంతా ఒకే మట్టానికి తెస్తాయి. మాటకు మేలు చేసే ఈ సదుపాయం పాటలో పల్లవికీ చరణానికీ ఉన్న ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది, మృదంగం దెబ్బ పడగానే గొంతును అణగదొక్కుతుంది. మరి గ్రామఫోను తొలి నాళ్లలో సేలం గోదావరి వంటి గాయనీమణులకు మైకే లేదు గదా అంటే, నిజమే. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా గాయకులు కొమ్ము వంటి గొట్టంలోకి గట్టిగా పాడి, మూడు నిమిషాల చిల్లరలో ముగించారు. వారికి లేనిది పరికరం మాత్రమే. సాఫ్ట్‌వేరు సంగతికి వస్తే, ఆడాసిటీ ఉచితం, రీపర్ అరవై రోజులు పరీక్షగా వాడుకోవచ్చు. అక్కడ డబ్బు పెట్టడానికి తొందర లేదు.

మౌన మెట్టి కొట్టు మహిని నమ్ము

మహినిన్ + అమ్ము అని పదచ్ఛేదం. మహిని అన్నది సప్తమ్యర్థంలో ద్వితీయ. ఈ భూమ్మీద మౌనాన్ని ఏ కొట్టు అమ్ముతుంది అని భావం. కొట్టు అంటే సుత్తితో కొట్టు, మహి అంటే రాయి అని చెప్పి, క్వారీ పరంగా అర్థం లాగిన వారూ ఉన్నారు. అన్వయం కుదరకపోయినా, పాలిషింగ్ యూనిట్ల పక్కన కాపురమున్న వారికి ఆ అర్థమే మొదట స్ఫురిస్తుంది. మౌనానికి గిరాకీ ఎక్కువైన కాలాలు రెండు: 44వ నంబరు జాతీయ రహదారి మీద మామిడి లారీలు బారులు తీరే వేసవి ఒకటి, అమ్మవారి గుళ్లలో లౌడుస్పీకర్లు మేలుకునే ఆడి మాసం ఒకటి. ఆ రోజుల్లో డైనమిక్ మైకే శరణ్యం, రికార్డింగుకు రాత్రి పదకొండు దాటాకే ముహూర్తం.

కొనలేకపోయినా మౌనాన్ని రికార్డు చేయవచ్చునన్నది టీకాకారుల చివరి మాట. ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, పాట మొదలుపెట్టే ముందు ఎవరూ కదలకుండా పది సెకన్లు ఖాళీ గదిని రికార్డు చేసుకోవాలి. సాఫ్ట్‌వేరు ఆ ముక్కను నమూనాగా తీసుకుని పాట అడుగున ఉన్న అదే రొదను ఏరివేస్తుంది. ఆ పది సెకన్లను హెడ్‌ఫోన్‌లో పెంచి వింటే ఇన్వర్టరు 50 హెర్ట్జుల మూలుగు, దూరాన గేరు మార్చుతున్న లారీ, గోడ మీద బల్లి టిక్కుమనడం వరుసగా వినబడతాయి. ఆ బల్లి పలుకు తీసెయ్యవలసిన రొదా, సత్యం సత్యం అంటూ నేల మీద తట్టవలసిన శకునమా అన్న చోట వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం కుదరలేదు. తట్టిన చప్పుడు కూడా రికార్డయింది.