వంతెన పికప్పు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: సెమీ హాలో గిటారునకు బ్రిడ్జి వైపు పికప్పును మార్పదలచి, అమ్మకపు పట్టికలలోని కిలో ఓముల అంకెలను జూచి మోహితుడైన యొకానొక శిష్యుని వారింప గోరి గురువు పలికిన ఆటవెలది యిది.

వంతెనకడ నున్న వాడి పికప్పును
మార్చ నెంచు వాడు మనసుపెట్టి
యోము లెంచి చూచి యుబ్బిపోవగ రాదు
బోలు కడుపు మాట బోధపడక.

ప్రతిపదార్థము: వంతెనకడన్ ఉన్న = తంత్రులు ఆనియుండు బ్రిడ్జి చెంత నమరిన; వాడి = తీక్ష్ణస్వరము గల; పికప్పును = తంత్రీకంపనమును విద్యుత్తుగా మార్చు అయస్కాంతయుక్తమైన తీగచుట్టను; మార్చన్ ఎంచువాడు = మార్పదలచినవాడు (ధనవ్యయమునకు సిద్ధపడినవాడని ధ్వని); ఓములు ఎంచి చూచి = నిరోధమును మీటరుతో గణించి; బోలు కడుపు మాట = గిటారు శూన్యోదరము పలుకు పలుకు; బోధపడక = తెలియకయే; ఉబ్బిపోవగ రాదు = పొంగిపోదగదు.

తాత్పర్యము: ఏ పికప్పు ఎన్ని ఓములు చూపునో విచారించుటకు ముందు, తన గిటారు పెట్టె ఏ స్వరములకు తానై మ్రోగునో, ఆంప్లిఫయరు శబ్దము హెచ్చినపుడు ఎచ్చట కూత పెట్టునో చెవియొగ్గి విని, అటుపిమ్మటనే కొనువాడు వివేకి యని భావము.

విశేషములు: 'వాడి' యను విశేషణము పాదపూరణార్థము కాదు. బ్రిడ్జి సమీపమున తంత్రి చలనము స్వల్పము; ఉపస్వరముల పాలు అధికము. కనుకనే నిర్మాతలు పలువురు మెడ వైపు పికప్పు కంటె దీనికి చుట్లు కొంచెము హెచ్చుగా చుట్టుదురు.

ఇక ఓముల మాట. చుట్లు హెచ్చినకొలది నిరోధము హెచ్చుననుట నిజమే గాని, అదే సంఖ్యలో చుట్లను 42వ గేజి తీగకు మారుగా దానికంటె సన్ననిదగు 43వ గేజి తీగతో చుట్టినను నిరోధము పెరుగును. అయస్కాంతము ఆల్నికోయో సెరామిక్కో మీటరు ఎరుగనే యెరుగదు. ఎనిమిది కిలో ఓముల పికప్పు కంటె పదునాలుగు కిలో ఓములది అంతకంతకు శ్రేష్ఠమని తలచుట సంగీతము కాదు, తూకము.

'బోలు కడుపు' అన్నచో పూర్తి బోలు కాదని గ్రహింపవలెను. 1958లో మిషిగన్ రాష్ట్రపు కలమజూలో గిబ్సన్ వారు వెలువరించిన ఈఎస్-335కు ప్రక్కలు బోలు, నడుమ మేపుల్ దిమ్మ. ఆ దిమ్మ కూతను అణచును గాని రూపుమాపదు. గిబ్సన్ ఇంజనీరగు సెత్ లవర్ 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టిన హంబకరు అను పికప్పులోని రెండు చుట్టలు విద్యుత్తు రొదను పోగొట్టునే గాని ఈ కూతను పోగొట్టజాలవు. చుట్లు వదులైనచో, లోహపు మూత కదలినచో, పికప్పే కీచుమని అరచును. దానికి మైనపు స్నానము పరిహారము. మైనము స్వరమునకు ప్రాణహాని యని పూర్వపక్షులు వాదింతురు. చిన్న గదిలో మెల్లగా వాయించువారికి వారి మతము చెల్లును; రంగస్థలముపై బిగ్గరగా వాయించువారికి చెల్లదు. ఆల్నికో అయస్కాంతము, మితమైన చుట్లు, మైనము: ఇదియే ఈ వ్యాఖ్యాత పక్షము.

అమరిక విషయమున కవి మౌనము అక్షంతవ్యము. వెనుక మూత లేని ఈ గిటార్లలో, పికప్పు తీగ యతుకబడిన వాల్యూము పాటును (పొటెన్షియోమీటరును) f ఆకారపు రంధ్రము గుండా, ఇరుసునకు దారము కట్టి, నూతిలోని చేదను తోడినట్లు పైకి తోడవలెను. లోన జారవిడిచినవాని దుఃఖము వర్ణనాతీతము. అంతకు జడియువాడు పాత తీగను పికప్పు గుంటలోనే కత్తిరించి, కొత్త తీగను దానికి టంకము వేసి, అతుకుపై గొట్టము తొడిగిన చాలును. రెండు పికప్పులు కలిసి మ్రోగునపుడు ధ్వని పలుచనైనచో అవి పరస్పర విరుద్ధములని తెలియవలెను; నాలుగు తీగల పికప్పునకు ఆ దోషము తీగలను తారుమారు చేసిన పోవును, మూతకు కలిసిన అల్లిక తీగ గలదానికి అయస్కాంతమునే త్రిప్పవలసివచ్చును.

కొనబోవు పాఠకునకు ఒక్క మనవి: ముందుగా పాత పికప్పు ప్రక్క మరలను స్క్రూడ్రైవరుతో కొంచెము కొంచెముగా త్రిప్పి, ఎత్తు సవరించి, వారము దినములు వాయించి చూడుడు. దానితోనే చెవి తృప్తిపడినచో కొత్తది కొనకుడు.