బ్రోషర్‌ను కింది నుంచి చదవండి

అడ్వెంచర్ బండి కొనబోయేవాళ్ళకు ఎవరైనా చెప్పే వరస ఒకటే. సీసీ చూడు, పవర్ చూడు, ఎంత స్పీడు పోతుందో చూడు, ఆ తర్వాత మైలేజీ అడుగు. నేను చెప్పేది దీనికి పూర్తిగా తిరగేసిన వరస. పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఉండేవాళ్ళు బ్రోషర్‌ను అడుగు నుంచి పైకి చదవాలి. సీటు ఎత్తు, బరువు, టైరు సైజు, నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం. వీటిని చిన్న అక్షరాల్లో చివర వేస్తారు. మన దారుల్లో పనికొచ్చేవి అవే.

ముందు మన దారి సంగతి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా వచ్చే 765 నంబరు జాతీయ రహదారి మన పెద్దారవీడు మండలంలోని తోకపల్లి దగ్గర 565లో కలిసిపోతుంది. పట్నం కుర్రాళ్ళు సెలవు పెట్టుకుని, కెమెరాలు తగిలించుకుని వచ్చే రోడ్డు మనకు పెళ్ళికీ ఆసుపత్రికీ పోయే రోడ్డు. దోర్నాల నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం నల్లమల మలుపులే. ఇటు గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల పోయినా అదే అడవి. మలుపు తిరగ్గానే ఎదురుగా ఆర్టీసీ బస్సు, రోడ్డు మధ్యలో కోతుల మంద. అక్కడ ఎంత పెద్ద ఇంజనైనా మూడో గేరులోనే పోవాలి. కాబట్టి టాప్ స్పీడ్ అని రాసిన వరస మీద పెన్నుతో గీత కొట్టేయండి. దాన్ని లెక్కలోకి తీసుకునే బండి పోలిక ఏదీ మనది కాదు.

బండి చూడ్డానికి షోరూమ్‌కు పోతే నేరుగా హ్యాండిల్ పట్టుకోవద్దు. మొదట వెనక సీటు మీద కూర్చోండి. నడపడానికి వేరే ఎవరినైనా ఎక్కించి ఐదారు కిలోమీటర్లు తిప్పించుకోండి. అడ్వెంచర్ బండ్లకు తోక ఎత్తుగా ఉంటుంది, పట్టుకునే కడ్డీ ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది. నడిపేవాడికి తెలియని నొప్పులన్నీ వెనకాల ఉంటాయి. మీ ఇంట్లో వెనక ఎవరు కూర్చుంటారో వాళ్ళను తీసుకుపోండి. అమ్మ ఎక్కలేని బండి, ఎక్కినా దిగలేని బండి, ఇంటికి తేవద్దు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చోవడం మన అలవాటే, కానీ ఇంత ఎత్తు సీటు మీద ఘాట్‌లో అది పనికిరాదు. రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోగలరో లేదో అక్కడే తేల్చుకోండి. వెనక కూర్చున్న మనిషి సరేనన్న తర్వాతే ముందు సీటు మీకు.

సీటు ఎత్తు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2016లో వచ్చిన పాత హిమాలయన్ 411కు సీటు 800 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన హిమాలయన్ 450కి మామూలు సీటుతో తక్కువలో తక్కువ 825. సుజుకి వి-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్‌కు 835. మొదట వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌కు 855. కాగితం మీద ఐదు సెంటీమీటర్ల తేడా లెక్కలోకి రాదనిపిస్తుంది. పలకరాయి క్వారీల వైపు రాతి పెళ్లలు పరిచిన దారిలో, వాలు మీద, వెనక మనిషితో బండి ఆపి చూడండి. కాలి వేళ్ళు మాత్రమే నేలకు తగిలితే దాదాపు రెండు వందల కిలోల బండి మీ మాట వినదు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, వి-స్ట్రోమ్ 167, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ 158. స్నేహితుడి పాత బండి ఏదైనా ఉంటే గుండ్లకమ్మ ఏటి ఇసుకలో మెల్లగా పడుకోబెట్టి, ఒక్కరే లేపి చూడండి. లేపలేకపోతే ఆ బరువు మీకు వద్దు. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇరవై ఒక్క అంగుళాల ముందు చక్రం చూసి చాలామంది మురిసిపోతారు. ఎడారి పందేల బండ్లకు అది మామూలే. 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్ వచ్చింది, మరుసటి ఏడే యూబేర్ ఓరియోల్ దాని మీద పారిస్-డకార్ గెలిచాడు, పెద్ద అడ్వెంచర్ బండ్ల మోజు అక్కడ మొదలైంది. పెద్ద చక్రం గుంతల్ని తేలిగ్గా దాటుతుంది, నిజమే. కానీ మార్కాపురంలో, దోర్నాలలో పంక్చర్ షాపువాడి దగ్గర స్ప్లెండర్ ట్యూబులు ఉంటాయి, ఇరవై ఒకటి సైజు ట్యూబు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఆకుల చక్రం, ట్యూబు టైరు బండి తీసుకుంటే స్పేర్ ట్యూబు బండితోనే ఉండాలి. అది మోయడం ఇష్టం లేకపోతే, ముందు చక్రం పందొమ్మిది అంగుళాలున్న ట్యూబ్‌లెస్ బండి చూసుకోండి. వి-స్ట్రోమ్ అలాంటిదే.

కొత్త బండి చూడకముందే ఆ షోరూమ్ వెనకున్న సర్వీస్ షెడ్డు చూడండి. పార్టు కోసం ఎన్ని బండ్లు నిలబడి ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ మోడల్ బండి కొత్తగా కొన్నవాణ్ణి కాదు, వాడి అమ్ముకుంటున్నవాణ్ణి వెతికి పట్టుకుని మాట్లాడండి. కొత్తగా కొన్నవాడికి తన బండి దేవుడు, ఏ తప్పూ చెప్పడు. అమ్ముకునేవాడు కూడా మొదట నిజం చెప్పడు, అయితే ధర దగ్గర బేరం మొదలయ్యేసరికి అన్నీ బయటకొస్తాయి. మార్కాపురం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. చిన్న రిపేరుకు అంతదూరం పోవాల్సొచ్చే కంపెనీ ఎంత గొప్పదైనా మనకు దూరపు చుట్టమే.

మైలేజీ అడగొద్దు. "ఎంతిస్తదన్నా?" అనే ప్రశ్న నోటి దాకా వస్తుంది, మింగేయండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి లీటరుకు 30 ఇచ్చే బండికీ 40 ఇచ్చే బండికీ తేడా ఎనిమిది లీటర్ల పైచిలుకు పెట్రోలు. నెలకు వెయ్యి రూపాయలు కూడా కాదు. అసలు డబ్బు పోయేది పన్ను దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, 350 దాటితే 40 అయింది. కొన్ని కంపెనీలు ఆ భారం తామే మోసినా గీత మాత్రం అక్కడే ఉంది. పన్ను మారేనాటికి హిమాలయన్ 452 సీసీ, కొత్త కేటీఎం 390 అడ్వెంచర్ 399, బజాజ్ డామినార్ 373, మూడూ గీతకు అవతలే. వి-స్ట్రోమ్ 249, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 299, కొత్త ఎక్స్‌పల్స్ 210, ఇవి ఇవతల. ఇవతలే ఉండండి.

ఇక హైవే మీద దూరప్రయాణాలకు చేసే స్పోర్ట్ టూరర్ల గురించి నాలుగు ముక్కలు చాలు. డామినార్ 400 నాలుగు లేన్ల రోడ్డు మీద మంచి బండి. నేలకూ దానికీ మధ్య 157 మిల్లీమీటర్లే. మన ఊళ్ళలో రంగు కూడా వేయని స్పీడ్ బ్రేకర్లకు అది చాలదు. ఎక్స్‌పల్స్‌కు 220, వి-స్ట్రోమ్‌కు 205.

బండి మే నెలలోనే కొనండి, మిట్టమధ్యాహ్నమే నడిపి చూడండి. పండగ ఆఫర్ల కోసం దసరా దాకా ఆగినవాడికి రేడియేటర్ ఫ్యాన్ నుంచి మోకాలి మీదకొచ్చే వేడి ఎలా ఉంటుందో మళ్ళీ ఎండాకాలం వస్తేగానీ తెలియదు. మన ఎండలు తట్టుకోవడమే బండికి అసలు పరీక్ష.

డబ్బు చేతికి రాగానే మొదట కొనాల్సింది బండి కాదు, హెల్మెట్లు. ఐఎస్‌ఐ గుర్తున్నవి రెండు, మీకూ వెనక మనిషికీ. తర్వాత జాకెట్టు, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు. అన్నీ కలిపి పాతిక ముప్పై వేలు అవుతుంది. మిగిలిన డబ్బుకు ఏ బండి వస్తే అది. మూడు లక్షల బండి కొని తలకు ఐదు వందల టోపీ పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నా తీర్పు ఇదీ. ఇంట్లో మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తిరిగేవాడికి వి-స్ట్రోమ్, పొలాల గట్లూ వాగులూ దాటేవాడికి ఎక్స్‌పల్స్. హిమాలయన్ 450 లడఖ్ పోయేవాడికి, ఏడాదికి ఒక్కసారైనా నిజంగా పోయేవాడికి. ఏది కొన్నా ఒక్క మాట మర్చిపోకండి. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి 9కి మూస్తారు, పొద్దున 6కి తీస్తారు. అది పులుల అడవి. గేటు అందుకోవాలని ఘాట్‌లో బండి ఉరికించొద్దు. ఆలస్యమైతే ఆ రాత్రికి ఇటే ఆగిపోండి.